కేస్ రిపోర్టులు దిద్దే ముందు ఐదు కాపీలు

రూబ్రిక్ (ఏ అంశానికి ఏ స్థాయిలో ఎన్ని మార్కులో చెప్పే పట్టిక) ఉంది కదా అని, ఎంబీఏ విద్యార్థులు ఓ కంపెనీ సమస్యను (కేసును) విశ్లేషిస్తూ రాసిన కేస్ రిపోర్టుల కట్టను ఇద్దరు లెక్చరర్లు సగం సగం పంచుకుని దిద్దేయకండి. ముందు ఓ ఐదు కాపీలు ఇద్దరూ విడివిడిగా, ఒకరి మార్కులు ఒకరు చూసుకోకుండా దిద్దండి. 4 పాయింట్ల స్కేలులో ఏ అంశంలోనైనా 2 తేడా వచ్చిందంటే, చాలాసార్లు లోపం రూబ్రిక్ మాటల్లోనే ఉంటుంది. "విశ్లేషణ బాగుంది" అని ఉంటే ఒకరు పేజీలు చూస్తారు, ఇంకొకరు లెక్కలు చూస్తారు. దాన్ని "కనీసం రెండు ప్రత్యామ్నాయాలను కేసులోని అంకెలతో పోల్చారు" అని మార్చి, మరో మూడు కాపీలు దిద్ది చూడండి.

మార్కులు అంశానికో కాలమ్‌లో వేయండి. మొత్తం ఒక్కటే వేస్తే చక్కటి ఇంగ్లిష్ తప్పు లెక్కల్ని కప్పేస్తుంది. గ్రూపు రిపోర్టయితే ఒక్కొక్కరికీ 3 నిమిషాల వైవా తప్పనిసరి.