‘లేట్’ అనే ఇంగ్లీషు మాటను ఎక్కడ, ఎలా వాడాలి

‘లేటు’ అనే మాట రోజూ మన నోట నలుగుతూనే ఉంటుంది కనుక ఇంగ్లీషులో కూడా దాన్ని వాడడం మనకు వచ్చునని అనుకుంటాము. నిజానికి మనం ఆ మాటకున్న అర్థాలలో ప్రధానంగా ఆలస్యం అన్నదాన్నే తెచ్చుకున్నాము. ఇంగ్లీషులో అది వాక్యంలో కూర్చున్న చోటును బట్టి అర్థం మార్చుకుంటుంది కాబట్టి ముందు ఆ చోటును చూడడం నేర్చుకోవాలి.

క్రియ తరువాత వస్తే సాధారణంగా ఆలస్యమనే అర్థం. ‘ద ట్రెయిన్ ఈజ్ లేట్’ అంటే రైలు ఆలస్యంగా నడుస్తున్నదని. ఎంతసేపు ఆలస్యమో చెప్పాలంటే ఆ కాలాన్ని ‘లేట్’కు ముందు పెట్టి ‘ద ట్రెయిన్ ఈజ్ ట్వెంటీ మినిట్స్ లేట్’ అనాలి. దేనికి ఆలస్యమో చెప్పేటప్పుడు, ‘మీటింగుకు’ అనడంలోని ‘కు’ను చూసి చాలామంది ‘టు’ వాడుతారు. అమెరికాలో ఆ వాడుక వినబడుతుంది గాని, ‘ఐ యామ్ లేట్ ఫర్ ద మీటింగ్’ అంటే ఎక్కడైనా చెల్లుతుంది. ‘లేటయ్యాను’ అన్నదాన్ని మక్కికి మక్కిగా ‘ఐ బికేమ్ లేట్’ అని మార్చకూడదు, ‘ఐ వజ్ లేట్’ అంటే సరిపోతుంది. ‘ఇట్ ఈజ్ లేట్’ అన్నప్పుడు మాత్రం ఆలస్యమైనది మనిషీ కాదు, బండీ కాదు. చాలా పొద్దుపోయిందని దాని భావం.

అదే మాట నామవాచకానికి ముందు చేరితే ఎక్కువగా ఒక కాలం చివరి భాగాన్ని సూచిస్తుంది. ‘లేట్ ఆఫ్టర్‌నూన్’ అంటే సాయంత్రం కావస్తున్న వేళ. ‘షీ ఈజ్ ఇన్ హర్ లేట్ ట్వెంటీస్’ అంటే ఆమెకు 27 నుంచి 29 ఏళ్ల మధ్య వయసుంటుంది. ‘ద లేట్ నైన్‌టీంత్ సెంచరీ’ అంటే 19వ శతాబ్దపు చివరి దశకాలు.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది మరణించినవారి గురించి చెప్పేటప్పుడు. పేరుకు ముందు కీర్తిశేషులు అని రాసే చోట ‘లేట్’ అని రాయడం మనకు అలవాటే. ఆ అలవాటుతో, తండ్రి లేడని చెప్పదలచినవారు ‘మై ఫాదర్ ఈజ్ లేట్’ అంటారు. విన్నవారికి ఆయన ఇంకా రాలేదని, కాసేపట్లో వస్తారని అర్థమవుతుంది. అటువంటి సందర్భంలో ఆ తికమక ఎంత నొప్పి కలిగిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. దక్షిణాఫ్రికా, బోట్స్వానా వంటి దేశాల ఇంగ్లీషులో ఆ వాక్యానికి మరణించారనే అర్థం ఉన్నది గాని, మిగిలిన చోట్ల దాన్ని నమ్ముకోవడం మంచిది కాదు. ‘మై ఫాదర్ ఈజ్ నో మోర్’ అనడం కూడా మన దగ్గర ఉన్నది, కాని ‘మై ఫాదర్ పాస్ట్ అవే’ అంటే సూటిగా, మర్యాదగా ఉంటుంది. విశేషణమే కావాలనుకుంటే ‘మై లేట్ ఫాదర్ వజ్ ఎ టీచర్’ అని నామవాచకానికి ముందు ఉంచాలి. పేరుతో చెప్పేటప్పుడు ‘లేట్’కు ముందు ‘ద’ తప్పనిసరిగా చేర్చాలి. ఈ వాడుక ఇటీవలి కాలంలో పోయినవారికే తగుతుంది. వందల ఏళ్ల కిందటి రాజులకు ఎవరూ ‘లేట్’ అని చేర్చరు.

తెలుగులో ‘లేటుగా వచ్చాడు’ అంటాము కాబట్టి, ఆ ‘గా’ కోసం ఇంగ్లీషులో ‘లీ’ తగిలించి ‘హీ కేమ్ లేట్‌లీ’ అనడం మరొక పొరపాటు. ‘లేట్’ క్రియా విశేషణంగా కూడా ఉన్నదున్నట్టే పనిచేస్తుంది కనుక ‘హీ కేమ్ లేట్’ అనాలి. ‘లేట్‌లీ’ అంటే ఈమధ్య అని: ‘హావ్ యూ సీన్ హిమ్ లేట్‌లీ?’ అంటే ఈమధ్య అతన్ని చూశారా అని అడగడం.

‘లేటెస్ట్’ అంటే సరికొత్తది అని అందరికీ తెలుసు. గడువు చెప్పేటప్పుడు మాత్రం దాని పని వేరు: ‘సెండ్ ఇట్ బై ఫైవ్ ఎట్ ద లేటెస్ట్’ అంటే ఎంత ఆలస్యమైనా అయిదు దాటకుండా పంపమని.