మోకాలి వెనక లింఫ్ గ్రంథులు: ఎంఆర్ఐలో వయసు తెచ్చే మార్పును ఎలా చూడాలి

మోకాలి ఎంఆర్ఐ రిపోర్టులో 'పాప్లిటియల్ లింఫ్ నోడ్స్' (మోకాలి వెనక ఉండే లింఫ్ గ్రంథులు) అన్న మాట కనబడగానే టెన్షన్ పడకండి, అవి మామూలుగా ఉండేవే. ముందు అడ్డకోత బొమ్మలు తెరిచి, మోకాలి వెనక కొవ్వులో పెద్ద రక్తనాళాల చుట్టుపక్కల వెతకండి. చిన్న గుండ్రటి మచ్చ ఏదైనా కనబడితే బొమ్మల్ని పైకీ కిందికీ జరపండి. రక్తనాళమైతే సాగుతూనే ఉంటుంది, గ్రంథి అయితే కొన్ని బొమ్మల్లో కనబడి మాయమవుతుంది.

అసలు సంగతి దాని లోపల ఉంది. టీ1 బొమ్మలో (కొవ్వు తెల్లగా కనబడే రకం ఎంఆర్ఐ బొమ్మ) మామూలు గ్రంథి చిక్కుడు గింజలా ఉంటుంది, అంచు బూడిద రంగు, నడుమ కొవ్వు తెల్లగా. వయసు పెరిగేకొద్దీ ఆ నడిమి కొవ్వు పెరుగుతూ పోయి, అంచు పల్చబడి, చివరికి సన్నటి నెలవంక గీతలా మిగులుతుంది, అప్పుడు గ్రంథి మొత్తంగా కాస్త పెద్దదిగా కనబడినా పెరిగింది కొవ్వే కాబట్టి అది జబ్బు లక్షణం కాదు. కొవ్వును అణిచే సీక్వెన్స్‌లో, అంటే కొవ్వు నల్లగా కనబడేలా తీసే బొమ్మల్లో, అదే నడిమి భాగం నల్లబడి, అంచు మెరుస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడటమే నాకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

కొలిస్తే పొడవు కాదు, అడ్డం కొలవండి, మామూలుగా కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది.

నడిమి కొవ్వు పోయి బంతిలా మారినా, అంచు ఒకపక్కే మందంగా ఉన్నా దాన్ని వయసు ఖాతాలో వేయకండి. మడమ దగ్గర పుండు, కీళ్లవాపు ఉన్నా గ్రంథులు ఉబ్బుతాయి, ఆ సంగతి రేడియాలజిస్టుకు తప్పకుండా చెప్పండి.