మొదటిసారి సెమినార్‌లో పేపర్ చదవబోతున్నారా? ముందు టైమ్ చూసుకోండి

పోయిన వారం ఒక సెమినార్‌లో చూసింది ఇంకా మనసులోంచి పోవడం లేదు. తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, మొదటి పేపర్. శాసనాల్లో కనిపించే భూమి కొలతల మాటలు ఊళ్లలో ఇంకా ఎంతవరకు బతికున్నాయన్నది అంశం. రెండేళ్లు తిరిగి, రైతుల నోట విన్నవన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది. ఇచ్చిన 12 నిమిషాల్లో 9 నిమిషాలు శాసనం అంటే ఏమిటి, తొలి తెలుగు శాసనంగా చెప్పే క్రీ.శ. 575 నాటి కలమళ్ల శాసనం విశిష్టత, ఇంతకుముందు ఎవరెవరు పని చేశారు అని చెప్పడానికే పోయాయి. గంట కొట్టారు. "ముగించమ్మా" అన్నారు అధ్యక్షులు. గబగబా స్లైడ్లు దాటించి, 'ధన్యవాదాలు' దగ్గర ఆగి దిగిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ నోట్‌బుక్ నాకు తెరిచి చూపించింది. 'మర్తురు', 'కుంట', 'పుట్టి'... ఒక్కో మాట పక్కన ఊరు పేరు, చెప్పినవాళ్ల వయసు, పలికిన తీరు. హాల్లో అది ఎవరూ వినలేదు.

నిటారుగా నిలబడండి, గట్టిగా మాట్లాడండి లాంటివి మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్కటే: నేపథ్యానికి మీ టైమ్ అప్పజెప్పకండి. ఎంతోమంది స్కాలర్లు ఇక్కడే దెబ్బతినడం చూశాను. థీసిస్‌లో మొదటి అధ్యాయం ముందుంటుంది కాబట్టి స్లైడ్లలోనూ అదే ముందు పెడతారు. పెద్దల పేర్లన్నీ చెప్పకపోతే తప్పు పడతారేమోనన్న భయం ఇంకొకటి. కలమళ్ల శాసనం గురించి హాల్లో కూర్చున్న ప్రొఫెసర్లందరికీ తెలుసు. వాళ్లకు తెలియనిది మీ నోట్‌బుక్‌లో ఉంది. రెండో నిమిషం దాటేలోపు "నేను కనుక్కున్నది ఇది" అన్న మాట మీ నోటి నుంచి రావాలి.

ఆహ్వానంలో 15 నిమిషాలు అని ఉంటే నమ్మకండి. ప్రారంభ సభలో ప్రసంగాలు, శాలువాలు అయ్యేసరికి 11కి మొదలవ్వాల్సిన సెషన్ పన్నెండున్నరకు మొదలవుతుంది. అప్పుడు "తలా ఏడు నిమిషాలు" అంటారు. అందుకే 5 నిమిషాల పేపర్ ఒకటి విడిగా సిద్ధం చేసుకోండి. రిహార్సల్ నిలబడి, పైకి మాట్లాడుతూ, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చేయండి. మనసులో చదువుకుంటే పది నిమిషాల్లో అయిపోయేది, నోటితో చెబితే పదిహేను దాటుతుంది.

అను ఫాంట్లలో టైప్ చేసిన స్లైడ్లు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా మారిపోతాయి. యూనికోడ్‌లో చేసుకోండి, పీడీఎఫ్ కూడా ఉంచుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి.

సెమినార్లకు పోకపోతే పోయింది అనుకోకండి. పీహెచ్‌డీకి సెమినార్లలో రెండు పేపర్లు చదవాలని 2016 యూజీసీ నిబంధనల్లో ఉన్న షరతు 2022లో తీసేశారు, నిజమే. కానీ ప్రతి సెమిస్టర్ ఆర్‌ఏసీ (మీ పరిశోధనను సమీక్షించే సలహా కమిటీ) ముందు నిలబడాల్సిందే. థీసిస్ ఇచ్చే ముందు అధ్యాపకులు, తోటి స్కాలర్లు అందరి ఎదుటా చెప్పాల్సిందే. అక్కడా నేపథ్యమే చెబుతూ కూర్చుంటే "ఇందులో మీ పని ఏది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న పడ్డాక తేరుకోవడం కష్టం.

ఇంకొన్ని:

స్లైడు చూసి చదవకండి. వాళ్లకూ కళ్లున్నాయి.
గైడ్ ముఖం చూస్తూ మాట్లాడకండి. మీకు గడియారం కనిపించదు.
ప్రశ్న రాసుకోండి, తర్వాతే జవాబు చెప్పండి.
తెలియకపోతే "చూసి చెబుతాను సార్" అనండి. కల్పించి చెప్పకండి.
ప్రశ్న పేరుతో ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే వినండి. వాదనకు దిగకండి.
ముందు రోజు రాత్రి కొత్త స్లైడు చేర్చకండి.
వేరొకరి టేబుల్ వాడితే పేరు అక్కడే రాయండి.
గంట కొడితే ఆ వాక్యం ముగించి ఆపేయండి.
నేపథ్యం ఒక్క స్లైడు. ఒక్కటే.
ఇవాళ రాత్రే ఫైల్ తెరవండి. మీ సొంత పని ఎన్నో స్లైడులో మొదలవుతోందో చూడండి. నాలుగు దాటితే ముందున్నవి ఇప్పుడే తీసేయండి.