అనాల్సిన మాట ఇంట్లోనే సిద్ధం చేసుకోండి
ఆదివారం మందిరంలో ఉండే ధైర్యం సోమవారం గుంటూరు మిర్చి యార్డు గేటు దాటేసరికి నాకు మిగిలేది కాదు. కమిషన్ కొట్లో గుమాస్తాని. "ఆ టిక్కీలకి ఇంకో కిలో తరుగు రాసెయ్యవయ్యా" అని షావుకారు అంటే, రైతు మిర్చి బస్తాల తూకంలో ఆ కిలో తగ్గించి, తల వంచుకుని రాసేసేవాణ్ణి. రాత్రి ప్రార్థనలో మాత్రం ఏడుపు.

అడిగినప్పుడు చూద్దాంలే అనుకుంటే నోరు పెగలదు. అందుకే అనాల్సిన ఒక్క మాట ఇంట్లోనే పైకి నాలుగైదుసార్లు అనుకుని బయల్దేరండి. నాది: "కాటా ఎంత చూపిస్తే అంతే రాస్తానండీ." బైబిల్ వాక్యం ఎత్తక్కర్లేదు, ప్రసంగం అసలే వద్దు. ఎదుటివాళ్లని దొంగల్ని చేసినట్టు వినబడితే పని చెడుతుంది.

బైబిల్లో నెహెమ్యా 2:4 చూడండి. ఏం కావాలని రాజు అడిగితే, నెహెమ్యా దేవునికి ప్రార్థన చేసి అప్పుడు జవాబిచ్చాడు. రాజుకి ద్రాక్షారసం అందిస్తున్న మనిషి, మోకరించే వీలెక్కడిది? కానీ అంతకుముందే, యూదుల కిస్లేవు మాసంలో మొదలైన ఉపవాసం, ప్రార్థన ఉన్నాయి. రాజు అడిగింది నీసాను మాసంలో. అంటే ఆ ఒక్క క్షణం వెనక సుమారు నాలుగు నెలలున్నాయి.

మొదటిసారి నా గొంతు వణికింది. షావుకారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అది కూడా ముందే లెక్కలో వేసుకోండి.

ఇంత పెద్దదానితో మొదలెట్టలేకపోతే, మధ్యాహ్నం అందరి మధ్యా క్యారేజీ విప్పి, ముద్ద కలిపేముందు పది సెకన్లు తల వంచండి. మొదటి రోజు పచ్చడి రుచి కూడా తెలీదు, సిగ్గుతో. వారానికి పక్కవాళ్లే ఆగుతారు మీకోసం.