మోస్ట్ వాంటెడ్ కొత్తగా ఆడేవాళ్లకి నాలుగు ముక్కలు

2005లో వచ్చిన కార్ రేసింగ్ గేమ్ నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ గురించే గురూ, వైజాగ్ ద్వారకానగర్ నెట్ సెంటర్లో గంటలెక్కన కట్టి ఆడిన బ్యాచ్ మాది. మొదట్లోనే బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్ కారు చేతికిచ్చి తర్వాత విలన్ రేజర్ గాడు లాగేసుకుంటాడు, ఫీలవ్వకండి, కథే అది. ఆ రేజర్‌గా చేసింది డెరెక్ హ్యామిల్టన్, మనకి ఫోన్లో టిప్పులిచ్చే మియా ఏమో జోసీ మారన్.

బ్లాక్‌లిస్ట్‌లో, అంటే మనం వరసగా ఓడించాల్సిన రేసర్ల లిస్టులో, 15 మంది. ఒక్కొక్కడిని కొట్టాక బహుమతులుండే మార్కర్లలో రెండు ఎంచుకోమంటది గేమ్, నేనైతే దాచిపెట్టిన వాటిలోంచే తీస్తా, ఓడినోడి కారు వాటిల్లోనే ఉంటది.

అసలు గోలంతా పోలీసులతోనే. ఊరికే యాక్సిలరేటర్ తొక్కితే వదలరు, డోనట్ షాపు మీద పెద్ద డోనట్ బొమ్మ ఉంటది చూడండి, దాని కాళ్లు గుద్దేసి మనం అవతలికి వెళ్లిపోతే అది దొర్లి వెనకొచ్చే కార్ల మీద పడుద్ది, చూడ్డానికి భలే ఉంటది. హీట్ (మన కారు మీద పోలీసుల కన్ను ఎంతుందో చెప్పే లెవెల్) పెరిగిపోతే కార్ల షాపుకెళ్లి కారు రంగు మార్చేయండి, తగ్గుద్ది.

టర్నింగ్‌లో కాదు, టర్నింగ్‌కి ముందే బ్రేక్, కైలాసగిరి ఘాట్ దిగినట్టే. బీచ్ రోడ్డు మీద మాత్రం ఇవేం ట్రై చెయ్యకండి బాబూ, అక్కడ రంగు మార్చినా చలానా ఇంటికొస్తది.