ఉడుతల సీజన్‌కు ముందు: సొంతంగా కూర్చుకున్న .22 రైఫిల్‌తో జాగ్రత్తలు

అక్టోబర్ 1న తూర్పు టెక్సాస్ కౌంటీల్లో ఉడుతల వేట మొదలవుతుంది. డాలస్, హ్యూస్టన్ వైపు ఉండే మనవాళ్లలో కూడా ఈ సరదా ఉన్నవాళ్లు ఉన్నారు. ముందు షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అలవాటుపడతారు. తర్వాత రూగర్ 10/22 ఒకటి కొంటారు. ఇంకొన్నాళ్లకు దాని బ్యారెల్ మారుతుంది, స్టాక్ మారుతుంది, ట్రిగ్గర్ మారుతుంది. చివరికి కొన్నదాంట్లో రిసీవర్ (మిగతా పార్టులన్నీ బిగించే మధ్యభాగం) ఒక్కటే మిగులుతుంది. 1964 నుంచి వస్తున్న మోడల్ కాబట్టి దానికి దొరకని పార్టంటూ లేదు. సీజడ్ 457 రైఫిల్ ఉన్నవాళ్లయితే బ్యారెల్, మ్యాగజైన్ మార్చి అదే రైఫిల్‌ని .22 ఎల్ఆర్ (మామూలు .22 తూటా) నుంచి .17 హెచ్ఎంఆర్ (ఇంకా సన్నని బుల్లెట్ ఉన్న తూటా)కి తిప్పుకుంటారు.

సరదా మంచిదే, దాన్ని నేను కాదనను. కానీ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే రైఫిల్‌ని కంపెనీ వాళ్లు కాల్చి చూసి పంపిస్తారు. నాలుగు కంపెనీల పార్టులు తెచ్చి మీరు కూర్చుకున్న రైఫిల్‌ని ఎవరూ కాల్చి చూడలేదు. ఏ పార్టుకా పార్టు మంచిదే కావచ్చు, అవన్నీ ఒకదానికొకటి కుదిరాయా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు అడవిలో తెలియకూడదు. సెప్టెంబర్‌లోనే, రేంజ్‌లోనే తెలియాలి.

రైఫిల్ కంటే ముందు వీసా

ఇది మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4, విజిటర్ వీసా, ఇలా నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనకు పనికొచ్చేది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. "దగ్గర పెట్టుకోవడం" అంటే కొనడమే కాదు. ఫ్రెండ్ రైఫిల్ రేంజ్‌లో చేతికి తీసుకుని నాలుగు రౌండ్లు కాల్చినా అందులోకే వస్తుంది. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు సరదాగా వాళ్ల చేతికి తుపాకీ ఇచ్చి ఫొటో తీయడం అస్సలు వద్దు.

అసలు చిక్కు తేదీల్లో ఉంది. టెక్సాస్ వార్షిక లైసెన్స్ మీరు ఎప్పుడు తీసుకున్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. ఉడుతల సీజన్ అక్టోబర్‌లో కదా, అప్పుడు తీసుకుందాంలే అనుకుంటే, సెప్టెంబర్ నెలంతా రైఫిల్ మీ క్లోజెట్‌లో ఏ మినహాయింపూ లేకుండా ఉన్నట్టు. కొత్త ఏడాది లైసెన్సులు ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి. పాతది ముగియకముందే తీసుకోండి. ఈ నేరానికి జైలు 15 ఏళ్ల దాకా పడవచ్చు, ఇమ్మిగ్రేషన్ మీద పడే దెబ్బ దానికి అదనం. భర్తకు లైసెన్స్ ఉండి భార్యకు లేకపోతే సేఫ్ తాళం ఇద్దరికీ అందుబాటులో ఉండొచ్చా లాంటి ప్రశ్నలు కూడా వస్తాయి. అవి వాట్సాప్ గ్రూపులో తేల్చుకునేవి కావు. ఒక గంట ఫీజు కట్టి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు ఈ వీసా ఇబ్బంది లేదు. అయితే గంజాయి వాడేవాళ్లకు, అది చట్టబద్ధమైన రాష్ట్రంలో ఉన్నా సరే, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ నిషేధమే. గృహహింస కేసులో చిన్న శిక్ష పడినవాళ్లకూ అంతే. డీలర్ దగ్గర నింపే 4473 ఫారంలో ఇవన్నీ అడుగుతారు. నిజమే రాయాలి.

ఇంకో మాట. చట్టం దృష్టిలో తుపాకీ అంటే సీరియల్ నంబర్ ఉన్న రిసీవరే. దాన్ని లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే కొనండి, ఇంట్లో తయారుచేసే ప్రయోగాలకు పోవద్దు. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. తగ్గితే 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందికి వస్తుంది. సైలెన్సర్ కూడా ఆ చట్టం కిందిదే, ముందే అనుమతి తీసుకుని నమోదు చేయించాలి. చివర స్క్రూ మరలు కోసిన బ్యారెల్ కొన్నంత మాత్రాన దాని చివర ఏదైనా బిగించుకోవచ్చని కాదు.

పార్టులు మార్చాక చూడాల్సినవి

కొత్త బ్యారెల్ బిగించాక మొదటి పని గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే మెకానిక్) దగ్గరికి తీసుకెళ్లడం. హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ (తూటా వెనక తలుపులా మూసుకునే భాగం) ముఖానికీ బ్యారెల్‌కీ మధ్య తూటా అంచు కూర్చునే ఖాళీ, గేజ్‌తో కొలిపించండి. .22 తూటాను పేల్చే ప్రైమింగ్ మందు దాని అంచులోనే ఉంటుంది. ఆ ఖాళీ తేడాగా ఉంటే ఒక్కోసారి పేలదు, ఒక్కోసారి కేసు (తూటా ఇత్తడి తొడుగు) చిరిగి గ్యాస్ మీ మొహం వైపు వస్తుంది. ఆయన తీసుకునే ఫీజు మీ స్కోప్ ఖరీదులో ఎన్నో వంతూ ఉండదు.

ఇక మీరే చూసుకోగలిగేది కాల్చిన కేసు. మొదటిసారి మ్యాగజైన్ నింపవద్దు, ఒక్కో తూటా పెట్టి కాల్చండి. బయటపడ్డ ప్రతి కేసునీ ఏరి, వెలుతురులో వేళ్ల మధ్య తిప్పి చూడండి. పిన్ను దెబ్బ అంచు మీద స్పష్టంగా పడాలి. అంచుకు కాస్త పైన ఇత్తడి ఒకవైపు ఉబ్బినా, సన్నగా చీలినా, మసి కేసు బయట కిందిదాకా పాకినా అక్కడితో ఆపేయండి. ఉబ్బిందంటే బోల్ట్ పూర్తిగా మూసుకోకముందే పేలిందేమోనని అనుమానించాలి. 10/22 లాంటి సెమీ ఆటోమేటిక్‌లో (కాల్చిన ప్రతిసారీ తర్వాతి తూటాని తనే ఎక్కించుకునే రైఫిల్‌లో) అది తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. "రెండు మూడు అలాగే వస్తాయి, సర్దుకుంటుంది" అని పక్కవాళ్లు చెప్తారు. వినొద్దు.

మ్యాచ్ చాంబర్ (పోటీల కోసం చేసిన, తూటా కూర్చునే గది) ఉన్న బ్యారెల్ తీసుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక. గురి బాగా రావాలని ఆ చాంబర్‌ని బిగుతుగా చేస్తారు. సీసీఐ స్టింగర్ లాంటి తూటాలకు కేసు మామూలు .22 కంటే పొడవు. అవి అందులో వాడకూడదు. బ్యారెల్‌తో వచ్చిన కాగితంలో ఏ తూటాలు వద్దన్నారో చదవండి. రెండు క్యాలిబర్లు ఇంట్లో ఉంటే తూటాలు కలిసిపోకుండా వేర్వేరు డబ్బాల్లో, వేర్వేరు బ్యాగుల్లో పెట్టండి. .22 మ్యాగ్నమ్ చాంబర్‌లోకి .22 ఎల్ఆర్ తూటా వదులుగా దూరుతుంది, పేలుతుంది కూడా. వదులు వల్ల కేసు చీలిపోతుంది.

ట్రిగ్గర్ దగ్గరే మనవాళ్లు ఎక్కువ ఉత్సాహం చూపిస్తారు. బెంచ్ మీద కూర్చుని కాగితం మీద చుక్కను కొట్టడానికి ఎంత తేలిక ట్రిగ్గరైనా బాగుంటుంది. అడవిలో చలికి మొద్దుబారిన వేలితో, గ్లవ్‌తో, అడ్డంపడ్డ కొమ్మలు దాటుకుంటూ పోయేటప్పుడు అదే ట్రిగ్గర్ ప్రమాదం. వేటకు తీసుకెళ్లే రైఫిల్‌కి ట్రిగ్గర్ నొక్కడానికి పట్టే బలాన్ని 3 పౌండ్ల కంటే తగ్గించవద్దన్నది నా గట్టి అభిప్రాయం. బిగించాక రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, మ్యాగజైన్ తీసేసి, కాక్ చేసి, సేఫ్టీ తీసి ఒకసారి, వేసి ఒకసారి రబ్బరు సుత్తితో స్టాక్ మడమ (భుజానికి ఆనే చివర) మీద తట్టండి. బోల్ట్‌ని గట్టిగా మూసి చూడండి. ట్రిగ్గర్ ముట్టుకోకుండా స్ట్రైకర్ గానీ హ్యామర్ గానీ (తూటాను పేల్చడానికి కొట్టే భాగం) పడిపోతే ఆ రైఫిల్‌లో తూటా పెట్టవద్దు. సేఫ్టీ తీయగానే పడిపోయినా అంతే. స్క్రూ తిప్పి మీరే సరిచేయాలని చూడకండి, గన్‌స్మిత్‌కి ఇవ్వండి.

స్కోప్ స్క్రూల్ని చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన కొలతకు బిగించండి. క్లీనింగ్ అయ్యాక బోల్ట్ తీసి బ్యారెల్ లోంచి వెలుతురు చూడకుండా రైఫిల్‌ని లోడ్ చేయొద్దు. లోపల ఇరుక్కున్న చిన్న గుడ్డముక్క చాలు, బ్యారెల్ పాడవడానికి.

రేంజ్‌లో

కళ్లద్దాలు, చెవులకు మఫ్స్ తప్పనిసరి. .22 చప్పుడు చిన్నగా అనిపిస్తుంది గానీ రైఫిల్ దగ్గర అది 140 డెసిబెల్‌ల సమీపానికి వెళ్తుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెడితే వాళ్లకూ సైజు సరిపోయే మఫ్స్ ఉండాలి.

ట్రిగ్గర్ నొక్కాక "టిక్" అని మాత్రమే వినిపిస్తే వెంటనే బోల్ట్ తెరవకండి. గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. "టప్" అని నీరసంగా వినిపించి, కాగితం మీద చిల్లు పడకపోతే ఇంకా జాగ్రత్త: బుల్లెట్ బ్యారెల్‌లోనే ఆగిపోయి ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాల్చారంటే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు. లైన్ మీద వరసగా కాలుస్తున్న ఊపులో ఈ తేడా చెవికి అందదు, అందుకే కొత్త రైఫిల్‌ని తీరుబడిగా కాల్చమంటున్నాను.

జీరో, అంటే స్కోప్ గురి సరిగ్గా తగిలే దూరం, 50 గజాలకు పెట్టుకోండి. 40 గ్రెయిన్ బుల్లెట్ 100 గజాల దగ్గర దానికి సుమారు 6 అంగుళాలు కిందికి దిగిపోతుంది, గాలి పక్కకు నెట్టడం వేరు. ఉడుత తలకాయ అంగుళంన్నర ఉంటుంది. బెంచ్ మీద కాదు, మోకాలి మీద కూర్చుని, చెట్టుకు ఆనుకుని, ఎంత దూరంలో ప్రతిసారీ ఆ అంగుళంన్నరలో కొట్టగలుగుతున్నారో చూసుకోండి. అదే మీ వేట దూరం. 35 గజాలైతే 35 గజాలే. అంతకు మించి కాల్చి జంతువును గాయంతో వదిలేయడం పాపం.

ఇంటికి బయల్దేరేముందు చల్లని నీళ్లతో, సబ్బుతో చేతులు, మొహం కడగండి. .22 బుల్లెట్ సీసం, దాని అంచులోని మందులోనూ మామూలుగా సీసం ఉంటుంది. ఇండోర్ రేంజ్‌లో వేసుకున్న బట్టలతో పసిపిల్లల్ని ఎత్తుకోవద్దు. అవి విడిగా ఉతకండి.

అడవిలో: బుల్లెట్ ఎక్కడ ఆగుతుంది?

టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకు వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ చేసి ఉండాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు ఆన్‌లైన్‌లో చేసేయొచ్చు. అయినా ఒక శనివారం పెట్టుకుని మనుషులు నేర్పే క్లాసుకు వెళ్లండి. ముళ్లకంచె ఎలా దాటాలి, ముగ్గురు నడుస్తుంటే ఎవరి గొట్టం ఎటు ఉండాలి అన్నవి చూసి నేర్చుకోవాల్సినవి.

.22 తూటాల డబ్బా మీద చూడండి, మైలున్నర దాకా ప్రమాదమని రాసి ఉంటుంది. అంటే సుమారు 2.4 కిలోమీటర్లు. ఉడుత ఉండేది చెట్టు మీద. మనం గొట్టం పైకెత్తుతాం. గురి తప్పితే ఆ బుల్లెట్ ఆకుల్లోంచి దూరి ఆకాశంలోకి పోతుంది, ఎక్కడో మనం చూడని ఇంటి పెరట్లో దిగుతుంది. అందుకని ఉడుత వెనక లావుపాటి కాండం ఉన్నప్పుడే కాల్చాలి. సన్నకొమ్మ చివర, వెనక ఆకాశం కనిపిస్తుంటే ఎంత దగ్గరగా ఉన్నా వదిలేయండి. అది కిందికి దిగేదాకా ఆగండి, లేదా ఇంకోటి వస్తుంది. నీళ్ల మీదకు, రాళ్ల మీదకు కాల్చవద్దు. సీసం బుల్లెట్ అక్కడ తగిలి ఎటు ఎగురుతుందో చెప్పలేం.

బుల్లెట్ పక్కవాళ్ల స్థలంలోకి వెళ్తే, అవతలి యజమానితో రాతపూర్వక ఒప్పందం లేకపోతే, టెక్సాస్‌లో అదే ఒక నేరం. స్నేహితుడి ఐదెకరాల్లో "మన స్థలమే కదా" అని కాల్చేవాళ్లు ఆ గట్లు ఎక్కడిదాకా ఉన్నాయో ముందు నడిచి చూసుకోవాలి. శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్ లాంటి చోట్లకు వేరే పర్మిట్, వేరే నిబంధనలు ఉంటాయి. ఆ ఏటి బుక్‌లెట్ చదవండి, పోయినేటిది కాదు. రిమ్‌ఫైర్ తూటాతో (.22 లాగా అంచులో మందు ఉండే తూటాతో) జింకను కొట్టడం చట్టవిరుద్ధం, ఎంత దగ్గరగా వచ్చి నిలబడినా సరే.

నారింజ రంగు చొక్కా, టోపీ వేసుకోండి. ఉడుతకు దాంతో పనిలేదు, ఇంకో వేటగాడికి మీరు కనిపించాలి. అక్టోబర్ మొదట్లో ఆకుల కింద కాపర్‌హెడ్ పాములు ఇంకా తిరుగుతుంటాయి, బూట్లు ఎత్తుగా ఉండాలి. కుందేలును కొట్టినవాళ్లు గ్లవ్స్ లేకుండా తోలు తీయొద్దు. తులరేమియా అనే జబ్బు అలాగే అంటుకుంటుంది. గాయం చుట్టూ మాంసం కోసి పారేయండి, మిగిలింది బాగా ఉడికించండి.

ఇంట్లో

రైఫిల్ సేఫ్‌లో, తూటాలు వేరేచోట, రెండింటికీ తాళం. 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో పెద్దవాళ్ల మీద కేసు పెడతారు. కేసు సంగతి అటుంచండి, పిల్లలకు తాళంచెవి ఎక్కడుందో మనకంటే బాగా తెలుస్తుంది. కోడ్ నొక్కే సేఫ్ తీసుకోండి, పుట్టినరోజు తేదీ మాత్రం కోడ్‌గా పెట్టొద్దు.

ఉద్యోగం పోయి, వీసా టెన్షన్‌లో, లేదా ఇంకే కారణంతోనో ఇంట్లో ఎవరైనా మనసు బాగాలేక ముడుచుకుపోయి ఉంటే, తుపాకీ ఆ ఇంట్లో ఉండకూడదు. చట్టప్రకారం ఎక్కడ దాచవచ్చో డీలర్‌ని అడగండి, కొన్ని షాపులు కొన్నాళ్లు ఉంచుకుంటాయి. 988కి ఫోన్ చేస్తే ఏ వేళైనా మాట్లాడతారు. మొహమాటపడే విషయం కాదిది.

చివరగా ఇండియా ప్రయాణం. రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్‌నే డిసెంబర్‌లో శంషాబాద్ విమానానికి సర్దేవాళ్లున్నారు. అడుగు కుట్లలోనో, పక్క జేబులోనో ఒక్క .22 తూటా మిగిలితే చాలు, ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో దొరుకుతుంది. ఆర్మ్స్ యాక్ట్ 1959 కింద కేసు పెడతారు. తెలియక ఉండిపోయిందని కోర్టులో చెప్పుకోవచ్చు గానీ, ఆలోగా సెలవు అయిపోతుంది, తిరుగు టికెట్ పోతుంది. రేంజ్ బ్యాగు రేంజ్‌కే ఉంచండి, ఊరికి వేరే బ్యాగు కొనుక్కోండి. జాకెట్ జేబులు కూడా తిరగేసి దులపండి.