టచ్‌ప్యాడ్ గట్టిపడితే బ్యాటరీని అనుమానించండి

ల్యాప్‌టాప్ కొని మూడు నాలుగేళ్లు దాటినవాళ్లు ఓసారి దాన్ని మూసి, బల్ల మీద పెట్టి ఒక మూల నొక్కి చూడండి. ఊగుతోందా? టచ్‌ప్యాడ్ క్లిక్ మునుపటిలా పడకుండా గట్టిగా తగులుతోందా? అయితే లోపల బ్యాటరీ ఉబ్బుతూ ఉండొచ్చు. చార్జర్ తీసేసి, ఆఫ్ చేసి షాపులో చూపించండి. పైనుంచి అదిమి సర్దడం, సూదితో గుచ్చడం లాంటి ప్రయోగాలు అసలొద్దు, మంటలు రావచ్చు.

మన శ్రీకాకుళంలో కరెంటు ఎప్పుడు పోతుందోనని చాలామంది చార్జర్ పొద్దస్తమానం పెట్టే ఉంచుతారు. లిథియం బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండి, దానికి వేడి కూడా తోడైతే తొందరగా పాడవుతుంది. పరుపు మీద పెట్టి వాడేవాళ్లకైతే చెప్పనక్కర్లేదు. అందుకే చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌లో మైఆసుస్ యాప్‌లో బ్యాటరీ కేర్ అని ఉంటుంది. మిగతావాటిలో సొంత యాప్‌లోనో బయోస్‌లోనో (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఒక కీ నొక్కితే వచ్చే సెట్టింగ్స్) వెతకండి. పాత మోడల్లో ఆ సదుపాయం లేకపోతే మధ్యమధ్యలో ప్లగ్ తీయడమే.

తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం ఆ లిమిట్ తీసేసి ఫుల్‌గా ఎక్కించండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫోన్ చార్జింగ్‌కీ ల్యాప్‌టాపే దిక్కు. కరెంటొచ్చాక లిమిట్ మళ్లీ ఆన్ చేయడం చాలామంది మర్చిపోతారు, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.